వీరుడి వెనుక నడిచిన పిల్లవాడు

వీడియో ఆటలలో రోల్ ప్లేయింగ్ గేమ్ అనబడే శాఖ ఒకటి ఉంది. ఆటగాడు ఒక పాత్ర ధరించి, కథలో నడుస్తూ ఎదుగుతాడన్నమాట. 1986లో ఎనిక్స్ సంస్థ విడుదల చేసిన 'డ్రాగన్ క్వెస్ట్'తో జపానులో దీనికొక మూస స్థిరపడింది. ఆటగాడే వీరుడు. ఊరి బయట ఎదురైన మృగాన్నల్లా చంపుతాడు. చంపినకొద్దీ 'అనుభవం' పెరుగుతుంది. అనుభవం వల్ల బలం, బలం వల్ల ఇంకా పెద్ద మృగాలను చంపే యోగ్యత.

ఇంతకీ ఆ మృగాలు చేసిన నేరమేమిటి? 1997 అక్టోబరులో ప్లేస్టేషన్ మీద జపానులో వెలువడిన 'మూన్' అనే ఆట ఈ ప్రశ్న మీదనే నిలబడింది. దీని కర్త లవ్-డి-లిక్ అనే చిన్న సంస్థ. అందులోని కెనిచి నిషి మొదలైనవారు అంతకుముందు స్క్వేర్ కంపెనీలో, అనగా సరిగ్గా ఇటువంటి వీరులు తయారయ్యే చోటనే, పనిచేసి వచ్చారు. ఇంటిగుట్టు తెలిసినవాడి వెక్కిరింతలో పదును ఎక్కువ కదా!

కథ ఇది. ఒక పిల్లవాడు రాత్రిపూట వీరుడి ఆట ఆడుకుంటుంటాడు. పడుకోమని అమ్మ కేకేస్తే కట్టేస్తాడు. అంతలో టీవీ దానంతటదే వెలిగి వాణ్ణి లోపలికి లాగేసుకుంటుంది. లోపల వాడి రూపం ఎవరికీ కనిపించదు. చూపు ఆనని ఒక ముసలమ్మ, చనిపోయిన మనవడే తిరిగొచ్చాడనుకుని అక్కున చేర్చుకుంటుంది. ఆ మనవడి బట్టలు వేసుకున్నాకే వాడు ఊరివారి కంటపడతాడు. వీరుడు వేరే ఉన్నాడు. కవచం తొడుక్కుని, అడగకుండా ఇళ్ళల్లో జొరబడి, బీరువాలు గాలించి, దారిలో జంతువులను నరుక్కుంటూ పోతుంటాడు. పిల్లవాడు ఇందాకటిదాకా మీటలు నొక్కి ఆడించింది వీణ్ణే.

ఆట నడిచే తీరు మరీ విచిత్రం. పిల్లవాడి చేతిలో కత్తి లేదు. వీరుడు చంపిపోయిన జంతువు ఆత్మ ఏ వేళకు, ఎక్కడ తిరుగుతుందో కనిపెట్టి పట్టుకోవాలి. ఊరి మనుషులకూ ఎవరి దినచర్య వారిదే. ఫలానా వారం, ఫలానా వేళ వాళ్ళను గమనిస్తేనే వాళ్ళ మనసులోని మాట తెలుస్తుంది. ఇలా కూడేది 'ప్రేమ'. పడుకున్నప్పుడు కలలో దాని లెక్క తేలి స్థాయి పెరుగుతుంది.

స్థాయి పెరిగితే వచ్చేదేమిటంటే మెలకువ! మొదట్లో కాసేపు తిరగగానే పడకకు చేరుకోవాలి, లేకుంటే ఆట ముగిసినట్టే. ప్రేమ పెరిగినకొద్దీ ఎక్కువసేపు మేలుకుని ఉండవచ్చు. ఈ ఆటలో అసలైన ఊహ ఇదేనని నా అభిప్రాయం. ఇక్కడ శక్తి అంటే ఇతరుల కోసం వెచ్చించగల సమయం. అయితే కొన్నిచోట్ల ఎదురుచూపు విసుగెత్తించే మాట నిజం. నేపథ్య సంగీతం కూడా ఊరికే రాదు. పాటల డిస్కులు సంపాదించుకుని, మనకు నచ్చిన వరుసలో పెట్టుకోవాలి.

ఇంగ్లీషులో ఇది 2020లో గాని రాలేదు. ఆ లోగానే 2015లో, ఎవరినీ చంపకుండా పూర్తిచేయగల 'అండర్‌టేల్' వచ్చి ప్రసిద్ధికెక్కింది. దాని కర్త టోబీ ఫాక్స్ 'మూన్' తనకు స్ఫూర్తి అని చెప్పాడు.

చివరి ఘట్టం చెప్పేస్తున్నాను, ఆడదలచినవారు ఇక్కడ ఆపవచ్చు. ఇంతా అయ్యాక ఆట 'కొనసాగిస్తావా?' అని అడుగుతుంది. ఏ ఆటలోనైనా చెయ్యి అలవాటుగా 'అవును' మీదికే పోతుంది. ఇక్కడ 'వద్దు' అంటేనే పిల్లవాడు టీవీ ముందు నుంచి లేచి, తలుపు తీసుకుని బయటికి వెళతాడు.