కింద పడితే హార్డ్ డిస్కుకు ఏమవుతుంది?

మన కంప్యూటరు గదిలోని లాప్‌టాప్ బల్ల మీద నుంచి పడి చెడిపోయిన సంగతి అందరికీ తెలుసు. చార్జరు వైరుకు ఎవరి కాలు తగిలిందో కొందరికే తెలుసు. నాదే.

అందులో మా అవ్వ పాడిన తేనె పాటలు నాలుగు ఉండేవి. పడేటప్పుడు అది నడుస్తూనే ఉంది. తర్వాత లోపల టిక్ టిక్ అని శబ్దం, అంతే.

సైన్సు పోటీకి హైదరాబాదు పోయినప్పుడు మేడం గారు దాన్ని పాతబస్తీలో, చార్మినారు దగ్గర ఒక రిపేరు దుకాణానికి తీసుకుపోయారు. నేనూ వెంట పోయాను. అక్కడి అన్న ఉర్దూలో చెప్తుంటే మేడం గారు నాకు తెలుగులో చెప్పారు. ఆయన ఒక పాడైన హార్డ్ డిస్కు విప్పి చూపించాడు. లోపల పళ్ళెం లాడ్ బజారు గాజుల అద్దంలాగ మెరుస్తోంది. దాని మీద సన్నని గీత. నాకు ఏడుపొచ్చింది.

ఇలాంటి పళ్ళెం నిమిషానికి 5400 సార్లు, అనగా సెకనుకు 90 సార్లు తిరుగుతుంది. దాన్ని చదివే హెడ్ తగలకుండా పైన తేలుతుంది. మధ్యలో సందు మన వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు! తిరిగేటప్పుడు గట్టిగా కుదిపితే హెడ్ పళ్ళేన్ని గీకేస్తుంది.

దీనికోసం ఐబిఎం కంపెనీ 2003లో, ఆపిల్ కంపెనీ 2005లో తమ లాప్‌టాప్‌లలో సెన్సారు పెట్టాయి. పడుతున్న వస్తువుకు బరువు తెలియదు కదా, సెన్సారు కనిపెట్టేది అదే. వెంటనే హెడ్‌ను పళ్ళెం మీద నుంచి తప్పిస్తుంది. గురుత్వాకర్షణ పాఠంలోని సూత్రంతో నేను లెక్క వేశాను. మన బల్ల 75 సెం.మీ. ఎత్తు. కింద పడడానికి 0.39 సెకను. 10 సెం.మీ. అయితే 0.14 సెకను మాత్రమే. కనుక కొంచెం ఎత్తే కదా అనుకోకండి, హెడ్ తప్పుకోవడానికి ఆ సమయం చాలకపోవచ్చు.

కొన్ని హార్డ్ డిస్కుల లోపలే సెన్సారు ఉంటుంది. లాప్‌టాప్‌లో లేకపోతే అలాంటిది వేసుకోవాలి, రెండింటిలో ఉంటే ఒకదానికొకటి అడ్డు రావచ్చు అని ఆ అన్న చెప్పాడు. తిరిగే భాగమే లేని ఎస్‌ఎస్‌డి ఇంకా మేలట. మా దగ్గర డబ్బులు చాలలేదు. ఆయన దగ్గరున్న పాత డిస్కే వేయించాము. దానిలో సెన్సారు లేదు, మన లాప్‌టాప్‌లోనూ లేదు. అందుకని ఎత్తే ముందు పూర్తిగా ఆఫ్ చేసి, శబ్దం ఆగేదాకా ఆగండి. ఆఫ్ చేస్తే హెడ్ పక్కకు పోతుంది. బస్సులో నేను దాన్ని అలాగే ఆఫ్ చేసి, దుప్పటిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వచ్చాను.

సెలవుల్లో అవ్వతో మళ్ళీ పాడించాను. మూడు పాటలు వచ్చాయి. నాలుగోది ఆమెకు గుర్తు రాలేదు. ఈసారి పెన్‌డ్రైవులో కూడా ఎక్కించాము.

చార్జరు వైరు ఇంకా నడిచే దారిలోనే ఉంది మేడం.