నారుమడి

పాఠ్యభాగ నేపథ్యం

మన దేశంలో క్రికెట్‌కు ఉన్నట్లే, అమెరికా సంయుక్త రాష్ట్రాలలో బేస్‌బాల్‌కు మంచి ఆదరణ ఉన్నది. అక్కడి పెద్ద జట్లు తమకు అనుబంధంగా చిన్న జట్లను పోషిస్తూ, వాటిలో యువక్రీడాకారులను పరీక్షించి తీర్చిదిద్దుతాయి. ప్రతిభను గుర్తించడం, దానిని పెంచడం అనే రెండు పనులలోని సాధకబాధకాలను ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

నాట్లు వేసే రైతు ముందుగా నారుమడి సిద్ధం చేసుకుంటాడు. నారు పోసి, నీరు పెట్టి, కలుపు తీసి, అదను చూసి నాటుతాడు. మరీ లేత నారు నాటితే పొలంలో నిలదొక్కుకోదు. ముదిరిన నారు నాటితే పిలకలు సరిగా వేయదు. అమెరికాలో బేస్‌బాల్ జట్లు యువకులను పెంచే విధానానికి వ్యవసాయ క్షేత్రం అనే అర్థం గల ‘ఫార్మ్’ వ్యవస్థ అని పేరు వచ్చింది. ఆ పేరు ఎంతో అర్థవంతమైనది.

ఈ వ్యవస్థకు రూపకల్పన చేసినవాడు బ్రాంచ్ రికీ. 1920వ దశకంలో ఆయన సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు వ్యవహారాలు నడిపేవాడు. పేరు పొందిన ఆటగాళ్లను చిన్న జట్ల నుంచి అధిక ధరకు కొనగల స్తోమత ఆ జట్టుకు లేదు. అందువల్ల ఆయన చిన్న జట్లనే కొని, యువకులను అక్కడ చేర్చుకొని, శిక్షణ ఇప్పించి, యోగ్యులను పైకి తెచ్చుకొనే పద్ధతిని అనుసరించాడు. 1926లో ఆ జట్టు ప్రపంచ సిరీస్ గెలిచింది. ఇతర జట్లు క్రమంగా అదే బాట పట్టాయి. తరువాత బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టుకు వెళ్లిన రికీ, 1945లో జాకీ రాబిన్‌సన్ అనే నల్లజాతి యువకుణ్ణి చేర్చుకున్నాడు. 1946లో మాంట్రియల్‌లోని అనుబంధ జట్టులో ఆడించి, 1947లో పెద్ద జట్టులోకి తెచ్చాడు. వర్ణవివక్ష గోడ కూలడానికి కూడా నారుమడే తొలి మెట్టు కావడం చరిత్రలో గమనించదగిన విషయం.

అత్యున్నత స్థాయిలో ఆడే జట్లు ముప్పై. ఒక్కొక్క దానిలో సాధారణంగా 26 మందికి చోటు ఉంటుంది. అంటే మొత్తం 780 స్థానాలు. 2021లో జరిగిన పునర్వ్యవస్థీకరణ తరువాత ప్రతి పెద్ద జట్టుకు నాలుగు చొప్పున 120 అనుబంధ జట్లు ఏర్పడ్డాయి. వాటి స్థాయులు కింది నుంచి పైకి సింగిల్-ఎ, హై-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ. వీటికి దిగువన కొత్తవారి కోసం ప్రారంభ స్థాయి జట్లు ఉంటాయి. అమెరికా యువకులను 1965లో మొదలైన డ్రాఫ్ట్ పద్ధతిలో జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా వంటి దేశాల బాలురతో నేరుగా ఒప్పందాలు చేసుకుంటాయి. ఇలా చేరిన వేలమందిలో శిఖరాన్ని చేరేవారు కొద్దిమందే.

మరి యోగ్యుణ్ణి గుర్తించడం ఎలా? పరిశీలకులు ఆటగాడిలో పంచగుణాలను చూస్తారు. అవి బంతిని నిలకడగా కొట్టడం, బలంగా దూరం కొట్టడం, పరుగు వేగం, బంతిని ఆపి పట్టే నేర్పు, విసిరే శక్తి. ఒక్కొక్క గుణానికి 20 నుంచి 80 వరకు అంకెలు వేస్తారు. పెద్ద జట్టులోని సగటు ఆటగాడి స్థాయి 50. ప్రతి గుణానికి ఈనాటి అంకె ఒకటి, రాబోయే కాలంలో చేరగల అంకె మరొకటి వేస్తారు. మొదటిది కంటికి కనిపించేది. రెండవది ఊహకు అందవలసినది. పరీక్షకుని వివేకమంతా ఈ రెండవ అంకెలోనే ఉంటుంది.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని లోకోక్తి. ఈ ఆటలో అది అన్నివేళలా నిజం కాదు. బిల్లీ బీన్ అనే యువకుణ్ణి 1980లో న్యూయార్క్ మెట్స్ జట్టు మొదటి వంతులోనే ఎంచుకున్నది. దేహదారుఢ్యం, వేగం, రూపం అన్నీ ఉన్నా పెద్ద జట్లలో అతడు రాణించలేదు. తరువాత ఓక్లాండ్ జట్టు నిర్వాహకుడై, బాహ్యరూపం కంటె గణాంకాలకు విలువ ఇచ్చి ఆటగాళ్లను ఎంచి ప్రసిద్ధుడయ్యాడు. ఇందుకు భిన్నంగా మైక్ పియాజాను 1988లో డాడ్జర్స్ జట్టు 62వ వంతులో, 1390వ వాడుగా ఎంచుకున్నది. మొదటి బేస్ దగ్గర ఆడే అతనికి క్యాచర్ విద్య నేర్పించారు. 2016లో అతనికి బేస్‌బాల్ కీర్తి మందిరంలో స్థానం లభించింది.

గణాంకాలను చదవడానికి కూడా విచక్షణ కావాలి. డబుల్-ఎ స్థాయిలో పందొమ్మిదేళ్ల యువకుడు సామాన్యంగా ఆడినా, తనకంటె పెద్దవారి మధ్య నిలబడ్డాడు కాబట్టి అతనిపై ఆశ పెట్టుకోవచ్చు. అదే స్థాయిలో ఇరవై ఆరేళ్లవాడు గొప్పగా ఆడినా అంత విశేషం కాదు. సముద్రమట్టానికి చాలా ఎత్తున ఉండే ఆల్బుకర్కీ వంటి నగరాలలో గాలి పలుచన. అక్కడ కొట్టిన బంతి మరింత దూరం పోతుంది. కాబట్టి వయసు, స్థాయి, మైదానం చూడకుండా అంకెను నమ్మరాదు.

జెఫ్ బ్యాగ్‌వెల్ ఉదంతం ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. 1990లో అతడు బోస్టన్ రెడ్ సాక్స్ వారి డబుల్-ఎ జట్టులో ఆడుతూ .333 సగటు సాధించాడు. హోమ్ రన్‌లు మాత్రం నాలుగే. పైగా అతని స్థానంలో బోస్టన్ పెద్ద జట్టుకు వేడ్ బాగ్స్ అనే మేటి ఆటగాడు ఉన్నాడు. ఆ ఏడాది విజయం కోసం ఆరాటపడిన బోస్టన్, ఆగస్టు నెలాఖరులో బ్యాగ్‌వెల్‌ను హ్యూస్టన్‌కు ఇచ్చి, ల్యారీ ఆండర్సన్ అనే అనుభవజ్ఞుడైన బౌలరును తెచ్చుకున్నది. ఆండర్సన్ చక్కగానే ఆడాడు. కాని లీగ్ దశలో ఆడినవి 15 ఆటలే. మరుసటి ఏడు అతడు వేరే జట్టుకు వెళ్లిపోయాడు. హ్యూస్టన్ బ్యాగ్‌వెల్‌ను మొదటి బేస్‌కు మార్చింది. అతడు 449 హోమ్ రన్‌లు కొట్టి, 2017లో కీర్తి మందిరం చేరాడు. నాలుగు అనే అంకె అబద్ధం కాదు. అది నాటి బ్యాగ్‌వెల్‌ను మాత్రమే చూపింది.

గుర్తించడం సగం పని. పెంచడం మిగిలిన సగం. యువకుల మోచేతులు దెబ్బతినకుండా వారు విసిరే బంతుల సంఖ్యకు హద్దులు పెడతారు. వేగం ఉన్నవానికి వంపు తిరిగే బంతులు నేర్పుతారు. కింది స్థాయిలో ఆధిక్యం చూపినవానిని పైకి పంపుతారు. తొందరపడి పంపితే ఆత్మవిశ్వాసం సడలుతుంది, ఆలస్యం చేస్తే ఉత్సాహం చల్లారుతుంది. పది ప్రయత్నాలలో మూడుసార్లు సఫలుడైనవాడే మేటి అనిపించుకొనే ఆట ఇది. అందువల్ల ఓటమిని ఓర్చుకొనే గుణాన్ని కూడా అలవరచాలి.

మన దేశానికీ ఈ నారుమడితో కొంత సంబంధం ఉన్నది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఈటె క్రీడాకారులు రింకూ సింగ్, దినేశ్ పటేల్ 2008లో ఒక టెలివిజన్ పోటీ ద్వారా వెలుగులోకి వచ్చి, పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థలో చేరారు. వారు పెద్ద జట్టుకు చేరలేదు. అయినా బేస్‌బాల్ ఎరుగని గ్రామసీమల నుంచి వెళ్లి ఆ స్థాయిలో నిలవడం సామాన్యం కాదు.

చేరలేకపోయినవారి సంగతి కూడా ఆలోచించాలి. దీర్ఘకాలం చిన్న జట్ల ఆటగాళ్ల వేతనాలు జీవనానికి చాలనంత స్వల్పంగా ఉండేవి. 2022 నుంచి చాలామందికి వసతి కల్పించారు. 2023లో కుదిరిన తొలి సమష్టి ఒప్పందంతో వేతనాలు పెరిగాయి. ఆకలితో ఉన్నవానిలోని ప్రతిభను కొలవడం కొలత అనిపించుకోదు. నీరు పెట్టని మడిలో నారు ఎండితే ఆ దోషం విత్తనానిది కాదు. ఎవరి గుణదోషాలనైనా తూచేటప్పుడు వారికి లభించిన నేలను, నీటిని, కాలాన్ని కూడా తూచడమే న్యాయమైన పరీక్ష. ఇది క్రీడాభిమానులకే కాదు, విద్య గరిపేవారికీ, నేర్చేవారికీ వర్తించే సత్యం.

కఠిన పదాలకు అర్థాలు

స్తోమత = ఆర్థిక శక్తి
అదను = తగిన సమయం
ఉదంతం = వృత్తాంతం
విచక్షణ = మంచిచెడులను వేరు చేసి చూడగల నేర్పు
గరపు = నేర్పు, బోధించు

ప్రశ్నలు

1. ఆటగాళ్ల యోగ్యతను నిర్ణయించడంలో పాటించవలసిన జాగ్రత్తలను వివరించండి.
2. బ్రాంచ్ రికీ నూతన పద్ధతిని ఎందుకు చేపట్టాడు?
3. బ్యాగ్‌వెల్ ఉదంతం వల్ల మనం గ్రహించవలసినదేమిటి?
4. ‘ఆ దోషం విత్తనానిది కాదు’ అనే మాటను సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.

భాషాంశాలు

సంధులు: అత్యున్నత = అతి + ఉన్నత (యణాదేశ సంధి); లోకోక్తి = లోక + ఉక్తి (గుణసంధి).
సమాసాలు: గుణదోషాలు – గుణమును, దోషమును (ద్వంద్వ సమాసం), నారుమడి – నారు కొరకు మడి (చతుర్థీ తత్పురుష సమాసం).