మరల కొలువుమని అడుగువారు

చదువవలసిన భాగములు: సంఖ్యాకాండము 27:1–11, 36:1–12, యెహోషువ 17:14–18, 18:1–10



భూమిని కొలుచు పని బైబిలులో క్రొత్తది కాదు. యెహోషువ దినములలో ఏడు గోత్రములకు ఇంకను స్వాస్థ్యము పంచవలసి యుండగా, గోత్రమునకు ముగ్గురు చొప్పున మనుష్యులు బయలుదేరి, దేశమంతయు నడచి చూచి, ఏడు భాగములుగా పుస్తకములో వ్రాసికొని షిలోహుకు తిరిగి వచ్చిరి. మన గ్రామములలో సర్వేయరు చేయునదియు అట్టి పనియే.

2020 డిసెంబరు 21న, అప్పటి కృష్ణా జిల్లాలోని జగ్గయ్యపేట మండలము తక్కెళ్లపాడులో ప్రభుత్వము భూముల రీసర్వేను ప్రారంభించెను. పూర్వము గొలుసుతో కొలిచినవారి స్థానములో డ్రోనులును రోవరులును వచ్చినవి. అయితే మన నూజివీడు ప్రాంతమున భూమి యనగా మామిడి తోటయే గదా. ముదురు తోటలో పైనుండి తీసిన బొమ్మయందు కొమ్మలు కనబడును గాని గట్టు కనబడదు. గుబురు క్రింద రోవరునకు ఉపగ్రహముల సంకేతము సరిగా అందదు. కనుక నమ్మకముగా పనిచేయువాని చేతనైనను పొరపాటు జరుగవచ్చును.

మా సంఘములోని ఒక విధవరాలు సర్వే నోటీసు చేతపట్టుకొని నాయొద్దకు వచ్చెను. “అయ్యగారూ, మూడు సెంట్లు తగ్గించారు. పడమటి మూల నా చిన్న రసం చెట్టు అవతలివాళ్ల లెక్కలోకి పోయింది” అనెను. నేను ఆమె మాట పూర్తిగా వినకయే, “మూడు సెంట్ల కోసం ఇరుగుపొరుగుతో వైరమెందుకమ్మా? ఉన్నదానితో తృప్తిపడండి” అని ప్రార్థన చేసి పంపితిని. పని తీరినదని తలంచితిని.

ఆమె సర్వేయరునొద్దకు పోయెను. ఆయన అంతకుముందే ఆ తోటకు రెండుమారులు వచ్చి పోయియుండెను. అయినను విసుగుకొనక మూడవమారు వచ్చెను. ఆ దినమున నేనును అక్కడ ఉంటిని. ఆయన గట్టుమీద కూర్చుండి, “నిదానంగా చెప్పండమ్మా, రాసుకుంటాను” అనెను. వ్రాసినది ఆమెకు చదివి వినిపించి, “మీరనేది ఇదేనా?” అని అడిగెను. పొరుగు రైతును పిలిపించెను. పాత పటము తెరచి, తెలిసిన రెండు రాళ్లనుండి టేపుతో కొలిచి, ఒక చోట త్రవ్వించెను. ఆకుల కుళ్లు, మట్టి క్రింద సర్వే రాయి బయటపడెను! మొదటి కొలతలో మూల 20 లింకులు, అనగా సుమారు 13 అడుగులు జరిగియుండెను. గట్టు పొడవు 300 లింకులు. త్రికోణముగా పోయిన ఆ భూమి 3,000 చదరపు లింకులు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు గనుక, ఆమె చెప్పిన మూడు సెంట్లు సరిగా మూడు సెంట్లే.

“పొరపాటు నాదేనమ్మా. సరిచేయడానికి పైకి రాసి పంపిస్తాను” అని ఆయన అందరియెదుట ఒప్పుకొనెను.

అంతట పొరుగు రైతు, “అయితే నా ఉత్తరపు గట్టు కూడా జరపండి” అనెను. ఆయన దానినిగూడ కొలిచెను. అది పటముతో సరిపోయెను. “ఇది సరిగానే ఉందండి, జరపడానికి వీలులేదు. మీకు సమ్మతం కాకపోతే పై అధికారికి అప్పీలు పెట్టుకోవచ్చు” అని దారి చూపెను. 1923 నాటి సర్వే సరిహద్దుల చట్టములో అప్పీలునకును, ఆ పైన సివిలు కోర్టునకును దారి ఉంచబడినది. అవునన్నప్పుడును కాదన్నప్పుడును ఆయన స్వరము ఒక్కటియే.

ఇంటికి వచ్చి నేను సెలోపెహాదు కుమార్తెల సంగతి మరల చదివితిని. అప్పటికి 6,01,730 మంది లెక్కింపబడి, భూమి పంచు విధము నిర్ణయమైయుండెను. అట్టి సమయమున తండ్రిలేని ఐదుగురు స్త్రీలు వచ్చి, మా తండ్రి పేరు ఎందుకు మాసిపోవలెనని అడిగిరి. మోషే వారిని గద్దింపలేదు, తృప్తినిగూర్చి ప్రసంగింపలేదు, తనంతట తానే తీర్పు చెప్పలేదు. వారి మాటను దేవునియెదుటికి తీసికొనిపోయెను. వారు అడిగినది న్యాయమని దేవుడు సెలవిచ్చెను. తరువాత అదే సంగతిమీద గిలాదు పెద్దలు వేరొక సందేహముతో రాగా, మోషే వారినిగూడ వినెను. ఆ స్త్రీల హక్కు కొట్టివేయబడలేదు, కొదువగానున్నది చేర్చబడెను.

యోసేపు పుత్రులు తమకు చాలదని వచ్చినప్పుడు యెహోషువ ఒకరి భాగము తీసి వారికియ్యలేదు. అడవి నరికి బాగుచేసికొనుడని వారికి దారి చూపెను. కాదనుటకును ప్రేమగల విధమొకటి కలదు.

సహోదరులారా, తృప్తినిగూర్చిన వాక్యము ఎవరికివారు చెప్పుకొనవలసినది. అర్జీతో వచ్చినవారిని అదలించుటకు కర్ర కాదు. నేను దానిని కర్రగా వాడితిని. ఆ తరువాత ఆమె ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగితిని. పొరుగువాని సరిహద్దు రాయి జరుపువానిమీద ద్వితీయోపదేశకాండము 27:17లో శాపమున్నది. రాత్రివేళ గట్టు త్రవ్వువానికే గాక, తప్పు తెలిసియు పటము దిద్దక ఊరకుండువానికిని అది తగులదా?

అడుగువారికిని విధి కలదు. మనకు లాభము తప్పు రూపముగా వచ్చినప్పుడుకూడ మరల కొలువుమని అడుగవలెను. కొలత సరియని తేలినప్పుడు కోపము విడువవలెను. సర్వేయరు చేతిలో డబ్బు పెట్టి గీత జరిపింపరాదు.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు:
1. నా పనిని మరల చూడుమని అడిగినవానిని శత్రువుగా ఎంచుచున్నానా?
2. నా గట్టులో నాది కానిది ఏమైన ఉన్నదా?
3. ఎవరి మాటను నేను వాక్యముతో నోరు మూయించితిని?

ప్రార్థన: ప్రభువా, వినుటకు ఓర్పును, తప్పు ఒప్పుకొనుటకు ధైర్యమును, కాదని చెప్పవలసినచోట మృదువైన నాలుకను మాకు దయచేయుము. ఆమేన్.