మార్పు తేదలచిన పాలకవర్గాలు చదవదగిన పుస్తకాలు

సంఘంలో కొత్త యంత్రం కొనడం కష్టమైన పని కాదు. కొటేషన్లు, పాలకవర్గ తీర్మానం, డబ్బు ఉంటే సరిపోతుంది. ఆ యంత్రం చూపిన అంకెను సభ్యుడు నమ్మేలా చేయడమే కష్టం. ఆ నేర్పు పుస్తకాలలో దొరుకుతుందా అని కొందరు అధ్యక్షులు, కార్యదర్శులు మమ్మల్ని అడుగుతూ ఉంటారు. కొంతవరకు దొరుకుతుంది. ఏ పుస్తకంలో మనకు పనికివచ్చేది ఎంత ఉన్నదో ఈ పాఠంలో చెప్పదలచాము.

ముందుగా సమస్యను చూద్దాము. గర్బర్ పద్ధతిలో వెన్న శాతం చూసేటప్పుడు పని అంతా సభ్యుని కళ్ళెదుటే జరుగుతుంది. బ్యూటిరోమీటరులో 10 మి.లీ. సల్ఫ్యూరిక్ ఆమ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాలు పోసి, సెంట్రిఫ్యూజిలో తిప్పి, గొట్టం మీద గీత చూస్తారు. అక్షరం రాని అవ్వకు కూడా ఏళ్ళ తరబడి చూసి చూసి ఇది అలవాటైపోయింది. ఎలక్ట్రానిక్ ఎనలైజరు వచ్చాక పాలు సన్నని గొట్టంలోకి పోతాయి, అంకె వెలుగుతుంది. మధ్యలో ఏమి జరిగిందో కనబడదు.

మేము తనిఖీ చేసిన ఒక సంఘంలో సభ్యులకు ముందుగా ఒక్క మాట చెప్పకుండా ఈ యంత్రం బిగించారు. నిన్న 7 వచ్చిన గేదె పాలకు ఈ రోజు 6.2 వచ్చింది. పాత కొలతలో తేడా ఉన్నదా, యంత్రం సరిచూడలేదా, మేత మారిందా అని విచారించేవారు లేకపోయారు. పది రోజులు తిరిగేసరికి సగం మంది పాలు ప్రైవేటు ఏజెంటు క్యానులోకి పోయాయి. ఆ ఏజెంటు వెన్న శాతం చూడనే చూడడు, లీటరుకు ఇంత అని గుత్త ధర కడతాడు. అయినా సభ్యులు అతనివైపే వెళ్ళారు.

ఇటువంటి చోట మొదట చదవవలసినది ఎవరెట్ రోజర్స్ రాసిన “డిఫ్యూజన్ ఆఫ్ ఇన్నోవేషన్స్”. 1962లో మొదట అచ్చయింది. రోజర్స్ అమెరికాలోని అయోవా రాష్ట్రంలో రైతు కుటుంబంలో పుట్టినవాడు. కొత్త పద్ధతి ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకుతుందో, ఎక్కడ ఆగిపోతుందో చెప్పడమే ఈ గ్రంథం పని. పుస్తకం లావుగా ఉంటుంది, అంతా చదవనక్కరలేదు. పెరూ దేశపు పల్లె కథ మాత్రం తప్పక చదవండి. ఆ పల్లెలో సుమారు 200 కుటుంబాలు ఉండేవి. తాగే నీళ్ళు కాచుకోమని ఒక ఆరోగ్య కార్యకర్త రెండేళ్ళు ఇల్లిల్లూ తిరిగితే ఒప్పుకున్నది 11 మంది గృహిణులే. కాచిన నీళ్ళు జబ్బు మనిషికే అని ఆ ఊరి నమ్మకం. ఆమె సూక్ష్మజీవుల గురించి చెప్పింది గాని ఆ నమ్మకం జోలికి పోలేదు. మన ఊళ్ళలో గేదెకు కృత్రిమ గర్భధారణ చేయించమంటే ఎదురైన మాటలు తలచుకుంటే ఈ కథ ఎక్కడిదో అనిపించదు.

కొత్త పద్ధతి నిలవాలంటే అయిదు గుణాలు ఉండాలంటాడు రోజర్స్: పాతదానికంటె లాభం, అలవాట్లతో పొత్తు, సులభంగా అర్థం కావడం, కొద్దిగా చేసి చూసుకునే వీలు, ఫలితం కంటికి కనబడడం. మరో సంఘంలో కార్యదర్శి ఈ పుస్తకం పేరు కూడా విని ఉండడు గాని, చివరి రెండు గుణాలనూ చక్కగా పాటించాడు. ఎనలైజరు పక్కనే పాత గర్బర్ సామాను నెల రోజులు ఉంచాడు. అనుమానం ఉన్న సభ్యుడు అడిగితే అదే నమూనాను రెండు విధాలా పరీక్షించి, రెండు అంకెలూ బోర్డు మీద రాశాడు. మొదటి వారం అడిగేవారు బారులు తీరారు. నెలాఖరుకు ఎవరూ అడగలేదు.

రోజర్స్ లెక్కలో నూటికి 16 మంది ముందుగా కొత్తదనాన్ని అందుకుంటారు, తరువాతి 34 మంది వారిని చూసి వస్తారు, చిట్టచివర మరో 16 మంది మిగులుతారు. ఆ చివరివారి ఇళ్ళ చుట్టూ తిరిగి విసిగిపోయే అధ్యక్షులను మేము చాలామందిని చూశాము. ముందు వచ్చినవారిని పట్టించుకుంటే ఆ శ్రమ సగం తప్పేది.

హార్వర్డ్ ఆచార్యుడు జాన్ కాటర్ 1996లో రాసిన “లీడింగ్ చేంజ్” పెద్ద కంపెనీల కోసం రాసినది. అందులోని ఎనిమిది మెట్లలో మనకు మూడు ముఖ్యం. మార్పు ఎందుకు అవసరమో ముందు అందరికీ తెలియాలి. మన దగ్గర అందుకు ఉపన్యాసం అక్కరలేదు, పాల సేకరణ రిజిస్టరులో మూడేళ్ళ అంకెలు సర్వసభ్య సమావేశంలో చదివితే చాలు. రెండవది, మార్పును ఒక్కరు మోయరాదు, ఒక జట్టు ఉండాలి. ఆ జట్టులో పాలు ఎక్కువ పోసేవారితోపాటు ఒక్క గేదె ఉన్న స్త్రీ సభ్యురాలు కూడా ఉండాలని మేమంటాము. మూడవది, పని సగంలో ఉండగానే విజయం సాధించామని చాటుకోరాదు. యంత్రానికి కొబ్బరికాయ కొట్టిన నాడే ఫోటో తీయించుకొని, దాన్ని వేళకు శుభ్రం చేయడం మరచిన సంఘాలు ఉన్నాయి.

మన రంగానికే చెందిన పుస్తకం “ఐ టూ హాడ్ ఎ డ్రీమ్”. డాక్టర్ వర్ఘీస్ కురియన్ చెప్పగా గౌరీ సాల్వి రాసిన ఈ ఆత్మకథ 2005లో వెలువడింది. కురియన్ 1949లో ప్రభుత్వ క్రీమరీకి ఇంజనీరుగా ఆనంద్ వచ్చారు. గేదె పాలతో పొడి తయారుకాదని విదేశీ నిపుణులు అంటే దలాయా అవుతుందని చేసి చూపడం, 1955లో ఫ్యాక్టరీ ప్రారంభం కావడం నవలలా సాగుతాయి. ఇది ఆత్మకథ కనుక ఎదుటి పక్షం వాదన ఇందులో తక్కువ. అందరూ కురియన్ కోసం చదువుతారు. మేము మాత్రం త్రిభువన్‌దాస్ పటేల్ కోసం చదవమంటాము. 1946లో నమోదైన ఖేడా జిల్లా యూనియన్‌కు ఆయన అధ్యక్షులు. రైతుల మధ్య తిరగడం తన పనిగా, డెయిరీ నడపడం కురియన్ పనిగా విడదీసి, రెండవదానిలో చేయి పెట్టలేదు. మన సంఘాలలో అధ్యక్షులు లాక్టోమీటరు పట్టుకోవడం, కార్యదర్శులు విధానాలు నిర్ణయించడం ఎంత మామూలో మీకు తెలియనిది కాదు.

పీటర్ డ్రకర్ “ది ఎఫెక్టివ్ ఎగ్జిక్యూటివ్”లో, తన కాలం ఎటు పోతున్నదో రాసిపెట్టుకోమన్న అధ్యాయం ఒక్కటి కార్యదర్శులు చదివితే మంచిది. స్పెన్సర్ జాన్సన్ 1998లో రాసిన “హూ మూవ్డ్ మై చీజ్?” చిన్నది, గంటలో అయిపోతుంది. దానిని మేము సిఫారసు చేయలేము. జున్ను కదిలిపోతే వెదుక్కుంటూ వెళ్ళమంటుంది గాని, దాన్ని కదిపినదెవరని అడగదు. సహకార సంఘంలో సభ్యుడు యజమాని, ఆ ప్రశ్న అడిగే హక్కు అతనిది.

ఈ పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయని వెనుకాడవద్దు. ఊళ్ళో కాలేజీ చదివే పిల్లలు ఉంటారు. చెల్లింపు రోజు సాయంత్రం అందరూ సంఘానికి వస్తారు గనుక, నాలుగు పేజీలు చదివించి తెలుగులో చెప్పించండి. మొదటి రోజుకు పెరూ పల్లె కథ చాలు. పుస్తకం కొనడానికి తీర్మానం రాయండి, బిల్లు జతపరచండి, డెడ్ స్టాక్ రిజిస్టరులో ఎక్కించండి. అధ్యక్షుల ఇంట్లో ఉండిపోయిన పుస్తకాలను తనిఖీలో మేము ఇదివరకే చాలాసార్లు అడగవలసి వచ్చింది.