సాక్షి జ్ఞాపకం

ఏదో తేవాలని వంటింట్లోకి వెళతాం. తీరా వెళ్ళాక ఎందుకు వచ్చామో గుర్తు రాదు. మొదట కూర్చున్న చోటికి తిరిగి రాగానే ఆ సంగతి చటుక్కున తోస్తుంది. విషయం మనసులోనే ఉంది. దానిని పైకి తేవడానికి ఆ చోటు తోడ్పడింది.

గాడెన్, బ్యాడ్లీ అనే బ్రిటన్ శాస్త్రవేత్తలు గజ ఈతగాళ్ళకు కొన్ని మాటలను ఒడ్డున, కొన్నింటిని నీటి అడుగున వినిపించారు. ఎక్కడ విన్నవి అక్కడే ఎక్కువగా గుర్తుకు వచ్చాయని 1975లో ప్రకటించారు. 2021లో ఈ ప్రయోగాన్ని మరలా చేసినప్పుడు ఆ తేడా కనబడలేదు. అయినా, పరిసరాలు జ్ఞాపకానికి కొంత సాయపడతాయనీ, వాటిని మనసులో తలచుకున్నా మేలేననీ ఇతర పరిశోధనలు తెలిపాయి.

నేరాన్ని కళ్ళారా చూసిన సాక్షి సంగతి ఆలోచించండి. చూసింది సంతలో, చెప్పవలసింది పోలీసు స్టేషనులో. అందుకే అమెరికా శాస్త్రవేత్తలు గైసెల్మన్, ఫిషర్ 1980ల్లో ఒక విచారణ పద్ధతిని రూపొందించారు. ఇందులో సాక్షిని ముందుగా స్థిమితపరుస్తారు. "అప్పుడు మీరెక్కడ నిలబడ్డారు? ఎండగా ఉందా, మబ్బుగా ఉందా? ఏ చప్పుళ్ళు వినిపించాయి? అన్నీ ఒకసారి మనసులో తలచుకోండి" అంటారు. చిన్న సంగతినైనా విడువకుండా చెప్పమంటారు. చివరి నుండి మొదటికి కూడా చెప్పిస్తారు.

జ్ఞాపకాన్ని పైకి తెచ్చే మాటే దానిని చెడగొట్టనూ గలదు. 1974లో లాఫ్టస్, పామర్ అనే శాస్త్రవేత్తలు అమెరికాలో విద్యార్థులకు కార్ల ప్రమాదం చలనచిత్రం చూపారు. కార్లు "ఢీకొన్నప్పుడు" ఎంత వేగంతో ఉన్నాయని 50 మందిని, "నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు" ఎంత వేగంతో ఉన్నాయని మరి 50 మందిని అడిగారు. వారం తరువాత, పగిలిన గాజు చూశామని మొదటివారిలో 7గురు, రెండవవారిలో 16 మంది చెప్పారు. చిత్రంలో పగిలిన గాజు లేనేలేదు!

వారు అబద్ధమాడలేదు. ప్రశ్నలోని మాట వారి జ్ఞాపకంలో కలిసిపోయింది. అటువంటి జ్ఞాపకాన్ని నమ్మితే నిరపరాధి చెరసాల పాలు కావచ్చు. జవాబును సూచించే ప్రశ్నలపై మన దేశంలో 1872 నాటి సాక్ష్య చట్టం హద్దులు విధించింది. దాని స్థానంలో 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా వాటిని కొనసాగించింది.

సాక్షి నోట నిజం రావాలంటే, అడిగేవారు తమ మాటను అతని నోట పెట్టకూడదు.

ఆలోచించి రాయండి

1. సాక్షిని ఆనాటి పరిసరాలను తలచుకోమని ఎందుకు అడుగుతారు?
2. "దొంగ ఎర్రచొక్కా వేసుకున్నాడు కదా?" ఈ ప్రశ్నలోని లోపమేమిటి? దీనిని సరిచేసి రాయండి.