కొబ్బరి తోటలో సిగ తెగులు: శత్రువు ఉండేది పాత మొద్దులోనే

వానలు పడి వెలిసిన రోజుల్లో కొన్ని కొబ్బరి చెట్ల మొదట్లో, నేలకు జానెడు ఎత్తున, చెక్కలాంటి పుట్టగొడుగు ఒకటి బయటికి వస్తుంది. పైన ముదురు గోధుమ రంగులో, వార్నీషు పూసినట్టు మెరుస్తుంటుంది. అంచు తెల్లగా ఉంటుంది. చాలామంది దాన్ని కాలితో తన్ని పడేసి, పీడ పోయిందనుకుంటారు. నిజానికి అది కనబడిందంటే ఆ చెట్టు పని దాదాపు అయిపోయినట్టే. లోపల వేళ్ళు కుళ్ళి, మాను అడుగు గుల్లయ్యాకనే ఆ పుట్టగొడుగు పైకి వస్తుంది.

దీన్నే మన వైపు సిగ తెగులంటాం. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు గానోడెర్మా తెగులు. తమిళనాడులో తంజావూరు ఎండు తెగులంటారు. అక్కడ 1952లో తుపాను వచ్చి వెళ్ళిన తర్వాత ఇది బాగా బయటపడింది, అందుకే ఆ పేరు. కర్ణాటకలో అయితే 1913 నాటికే దీన్ని గుర్తించారు.

తుపాను మాట ఎందుకెత్తానంటే, కోనసీమలో నాకు తెలిసిన ఒక రైతు సంగతి చెప్పాలి. ఆయనకున్నది 60 సెంట్ల కొబ్బరి. 1996 నవంబరు 6 తుపానులో నాలుగైదు చెట్లు నడుముకి విరిగిపోయాయి. మానులు దూలాలకు అమ్ముకున్నాడు. మొద్దులు తవ్వించాలంటే కూలి ఎక్కువవుతుందని అలాగే వదిలేశాడు. అప్పుడు ఎవరి చేతిలో మాత్రం డబ్బుంది? కొన్నేళ్ళకి ఆ మొద్దుల పక్క చెట్లు ఒక్కొక్కటే మట్టలు వేలాడేశాయి. దింపు తగ్గింది, పిందె రాలిపోయింది. నీళ్ళు చాలటం లేదేమోనని బోదె వేసి, ఆ చెట్టు పాదులోంచి ఈ చెట్టు పాదులోకి నీళ్ళు పారించాడు. తెగులు కూడా ఆ నీటి వెంటే వెళ్ళింది. చివరికి పోయినవి పద్దెనిమిది చెట్లు. అంత చిన్న తోటకి అది ఇంటి ఖర్చులో సగం పోయినట్టే.

మొద్దులో అంతకాలం ఏం దాక్కుంటుంది అంటే, కట్టెని తిని బతికే శిలీంధ్రం. కట్టెలో ముఖ్యంగా రెండు వస్తువులుంటాయి. ఒకటి పీచు, అంటే సెల్యులోజు. రెండోది ఆ పీచుని గట్టిగా పట్టి ఉంచే లిగ్నిన్. ఇల్లు కట్టేటప్పుడు ఇటుక, సిమెంటు ఎలాగో అలాగ. కట్టెని తినే శిలీంధ్రాల్లో కొన్ని పీచుని మాత్రం తిని లిగ్నిన్‌ని వదిలేస్తాయి. తడి తగిలిన పాత ద్వారబంధాలు గోధుమ రంగుకి తిరిగి, గళ్ళు గళ్ళుగా పగిలి పొడి అవటం మీరు చూసే ఉంటారు, అది వాటి పని. గానోడెర్మా అలా కాదు, సిమెంటు లాంటి లిగ్నిన్‌ని కూడా కరిగించి తినేస్తుంది. అందుకే అది పట్టిన చోట కట్టె తెల్లబడి, మెత్తబడి, చేత్తో నలిపితే నలిగిపోతుంది. చచ్చిన మొద్దులో ఏళ్ళ తరబడి బతకగలదు. పక్క చెట్టు వేరు వచ్చి ఆ మొద్దు వేరుని తాకితే చాలు, దారి దొరికినట్టే.

దీని బంధుబలగం పెద్దదే. మెరిసేదాన్ని గానోడెర్మా లూసిడమ్ అన్నారు, మెరుపు లేకుండా బల్లపరుపుగా పెరిగేది గానోడెర్మా అప్లనేటమ్. ఈ రెండోదాని అడుగుభాగం తెల్లగా ఉంటుంది, గోటితో గీస్తే గోధుమ రంగు గీత పడి అలాగే నిలుస్తుంది. మలేసియా, ఇండోనేసియాల్లో ఆయిల్ పామ్ తోటల్ని ఇంతకన్నా ఎక్కువ నష్టపెట్టే తెగులు లేదు. అక్కడ చేసేది బొనినెన్స్ అనే దాయాది. పాత కొబ్బరి తోటలు కొట్టి, మొద్దులు తీయకుండా ఆయిల్ పామ్ వేసిన చోట్ల, లేత వయసు చెట్లకే తెగులు వచ్చిపడింది. మన జిల్లాల్లో కొబ్బరి తీసి పామాయిల్ వేద్దామనుకునే వాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చైనా వాళ్ళు లింగ్‌జీ పేరుతో మందుగా వాడే పుట్టగొడుగు కూడా ఈ కుటుంబంలోదే. మన దగ్గరా గొట్టాల్లో నింపి ఖరీదుగా అమ్ముతున్నారు. అలాగని మన చెట్టు మీద మొలిచింది కోసుకొచ్చి కషాయం కాచుకోకండి. అది ఏ రకమో చూడగానే చెప్పటం కష్టం. వరిగడ్డి మీద పెంచుకునే ముత్యపు చిప్ప పుట్టగొడుగు కూడా లిగ్నిన్‌ని తినేదే గాని, అది దూరపు చుట్టం. దాని వల్ల కొబ్బరికి ఈ తెగులు వస్తుందన్న భయం అక్కర్లేదు.

ఇక చెట్టులో లక్షణాలు చూద్దాం. ఎక్కువగా 10 నుంచి 30 ఏళ్ళ చెట్లకి, ఇసుక నేలల్లో, వేసవిలో నీరందని తోటల్లో వస్తుంది. ముందు అడుగు మట్టలు పసుపు రంగుకి తిరిగి, మానుని అంటుకుని గొడుగు ముడిచినట్టు వేలాడతాయి. కొత్త మట్టలు చిన్నవిగా వస్తాయి. తర్వాత మాను మొదట్లో చిన్న చిన్న పగుళ్ళ నుంచి ఎర్రటి గోధుమ రంగు బంక కారుతుంది, అది పైపైకి పాకుతుంది. మాను పైభాగం పెన్సిలు చెక్కినట్టు సన్నబడుతుంది. కొన్ని చెట్లు ఆరు నెలల్లో పోతాయి, కొన్ని అయిదేళ్ళు ఈడుస్తాయి.

బంక కారే తెగులు ఇంకొకటుంది, రెండింటినీ కలగలిపి మందు మీద మందు పోసే వాళ్ళని చూశాను. తేడా తెలియాలంటే మొదట్లో అడుగు లోతు తవ్వి నాలుగైదు వేళ్ళు కోసి చూడండి. సిగ తెగులైతే వేళ్ళు లోపల గోధుమ రంగుకి తిరిగి కుళ్ళి ఉంటాయి. ఉత్త బంక తెగులైతే మాను మీద పగుళ్ళు, బంక ఉన్నా వేళ్ళు బాగానే ఉంటాయి.

మట్టలు పూర్తిగా వేలాడి, పుట్టగొడుగు కూడా వచ్చిన చెట్టు మీద డబ్బు పెట్టకండి. పక్క చెట్లని కాపాడుకోవాలి. చెట్టుని కొట్టేయాలి. కొట్టి ఊరుకుంటే లాభం లేదు, మొద్దు, దుంప, వేళ్ళు ఎంతవరకు వస్తే అంతవరకు తవ్వి తీసి అక్కడే తగలబెట్టాలి. ఎక్కువ కూలి అడిగేది ఈ పనికే, చాలామంది వాయిదా వేసేదీ ఈ పనే. పుట్టగొడుగుల్ని పొదుగు దశలోనే కోసి కాల్చేయండి. ముదిరితే వాటి అడుగు నుంచి పిండిలాంటి గోధుమ రంగు పొడి రాలుతుంది, అదే దాని విత్తనం.

కొట్టకుండా ఉంచిన తెగులు చెట్టు చుట్టూ, మొదలుకి 4 అడుగుల దూరంలో, 2 అడుగుల లోతు, అడుగు వెడల్పు కందకం తీయాలి. వేళ్ళు అవతలికి పోకుండా అది అడ్డం. తీసిన మట్టిని మంచి చెట్ల వైపు పోయకండి. ఒక పాదు నుంచి ఇంకో పాదుకి నీళ్ళు పారించే అలవాటు మానాలి. ఏ చెట్టుకి ఆ చెట్టుకి విడిగా బోదె పెట్టుకోండి, స్తోమత ఉంటే డ్రిప్పు మంచిది. వేసవిలో చెట్టుని ఎండనీయకండి, వానాకాలం నీరు నిలవనీయకండి. పాదుల్లో నాగలి పెట్టి వేళ్ళు తెంపటం కూడా చేటే.

తెగులు మొదలైన చెట్లకి, వాటి చుట్టుపక్కల వాటికి 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి కలిపి, తడి చేసి ఏటా పాదులో వేయాలి. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే, కానీ గానోడెర్మాని తిని బతుకుతుంది. ముల్లుని ముల్లుతో తీసినట్టు. జనుము, జీలుగ వేసి కలియదున్నకుండా కోసి పాదుల్లో వేస్తే నేలలో ఈ మేలు చేసే శిలీంధ్రానికి బలం. నీటి వసతి ఉంటే అరటి అంతరపంటగా వేయటం కూడా మంచిదే.

ఒక శాతం బోర్డో మిశ్రమం చెట్టుకి 40 లీటర్లు పాదంతా తడిసేలా పోయాలి. 40 లీటర్లకి 400 గ్రాముల మైలుతుత్తం, 400 గ్రాముల సున్నం. ఇనప పాత్రలో కలపకూడదు. కలిపాక కొడవలి మొన ముంచి చూడండి, దానికి ఎర్రగా రాగి పట్టిందంటే సున్నం చాల్లేదన్నమాట, ఇంకొంచెం కలపాలి. బోర్డో పోసిన వెంటనే ట్రైకోడెర్మా వేస్తే అది కూడా చచ్చిపోతుంది, కనీసం నెల ఆగండి.

వేరు ద్వారా మందు ఎక్కించే పద్ధతి పాత రైతులకు తెలుసు. అప్పట్లో కాలిక్సిన్ పేరుతో ట్రైడెమార్ఫ్ వాడేవారు. దాన్ని నిషేధిస్తూ కేంద్రం 2018 ఆగస్టులో ఉత్తర్వు ఇచ్చింది. ఎవరి దగ్గరైనా పాత సీసా ఉందని ఇస్తే తీసుకోకండి. దానికి బదులు 100 మి.లీ. నీటిలో 2 మి.లీ. హెక్సాకొనజోల్ 5 శాతం మందు కలిపి మూడు నెలలకోసారి ఎక్కిస్తున్నారు. పెన్సిలు లావున్న లేత వేరుని ఏటవాలుగా కోసి, మందున్న పాలిథిన్ సంచిలో ముంచి దారంతో కట్టాలి. రెండు రోజుల్లో పీల్చుకోకపోతే వేరొక వేరు చూసుకోండి. ముందే దింపు తీసుకుని, మందిచ్చాక 45 రోజులు ఆ చెట్టు కాయ గాని బొండం గాని దించకండి.

పోయిన చెట్టు గుంటలోనే మళ్ళీ మొక్క పెట్టకుండా, రెండు చెట్ల మధ్య కొత్తగా గుంట తీసుకోండి. అనుమానం ఉంటే కుళ్ళిన వేరు ముక్క, పక్కనున్న మంచి చెట్టు వేరు ముక్క విడివిడిగా కవర్లలో పెట్టుకుని మీ ఉద్యాన అధికారికి గాని, అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రంలో గాని చూపించండి.