మరమ్మతుకు ముందు చూపు: ఎలివేషన్ తనిఖీలో కెరీర్

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి ఏఈఈ, గేట్ పరీక్షలకు చదువుతున్న సివిల్ విద్యార్థులు ఒకసారి తల పైకెత్తి చూడాలి. చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్ దారిలో పాత అపార్ట్‌మెంట్లు, కాంప్లెక్సులు ఎన్నో కనిపిస్తాయి. సజ్జల కింద తుప్పు మరకలు, పిట్టగోడల్లో పగుళ్లు, కోచింగ్ బోర్డుల వెనక చెమ్మ. వీటిని పైపైన పూసి రంగేసే మేస్త్రీలకు కొదవ లేదు. ఎక్కడ, ఎంత, ఎందుకు పాడైందో ముందే తేల్చి చెప్పగలిగేవాళ్లే తక్కువ. భవనం బయటి ముఖాన్ని ఇలా పరిశీలించే పనే ఎలివేషన్ తనిఖీ. సివిల్ చదివినవాళ్లకు అవకాశం ఉన్నది అక్కడే.

ఎందుకు ముఖ్యం?

2019 మే నెలలో చార్మినార్ మినారు నుంచి సున్నపు గార పెచ్చు ఊడిపడింది. కాపలా, సంరక్షణ ఉన్న కట్టడానికే ఆ ప్రమాదం తప్పనప్పుడు, ఎవరూ పట్టించుకోని అపార్ట్‌మెంట్ల సంగతి ఆలోచించండి. న్యూయార్క్‌లో 1979లో భవనం ముక్క మీదపడి ఒక విద్యార్థిని చనిపోయింది. మరుసటి ఏడాదే అక్కడ ఎలివేషన్ తనిఖీ చట్టం తెచ్చారు. ఇప్పుడు ఆరంతస్తులు దాటిన భవనాలన్నింటికీ ఐదేళ్లకోసారి తనిఖీ తప్పనిసరి. సింగపూర్‌లో 2022 నుంచి 20 ఏళ్లు దాటిన, 13 మీటర్లకు మించిన భవనాలకు ఏడేళ్లకోసారి చేయాలి. మన హైదరాబాద్‌లో ఏటా వానాకాలం ముందు శిథిల భవనాలను గుర్తించి నోటీసులిస్తారు. అంతదాకా రాకముందే కట్టడాన్ని కాపాడటం ఈ వృత్తి లక్ష్యం.

ప్రణాళిక ఎలా వేస్తారు?

మొదటి పని కాగితాల మీద. భవనం వయసు, మంజూరైన ప్లాను, పాత మరమ్మతుల బిల్లులు సేకరించాలి. ఏ ఫ్లాట్‌లో ఏ గోడ కారుతోందో అసోసియేషన్ వాళ్లను, వాచ్‌మన్‌ను అడగాలి. వానలు వెనక్కి తగ్గిన అక్టోబరు, నవంబరు నెలలు ఇందుకు అనువైనవి. చెమ్మ జాడలు ఇంకా పచ్చిగా ఉంటాయి, వచ్చే జూన్‌లోపు పని పూర్తిచేయడానికి వ్యవధీ దొరుకుతుంది.

తర్వాత ఎలివేషన్ బొమ్మ గీసి, అంతస్తులవారీగా గళ్లుగా విభజించి, ప్రతి గడికీ నంబరివ్వాలి. ఫొటోకూ, పగులు వెడల్పుకూ, పరీక్ష ఫలితానికీ అదే నంబరు. పైకి చేరే దారి కూడా ముందే తేల్చుకోవాలి: బాల్కనీ సరిపోతుందా, పరంజా కట్టాలా, తాళ్ల మీద దిగాలా? మెట్రో దారి పక్కన జనం, దుకాణాలు, కరెంటు తీగలు ఉంటాయి. కాబట్టి రద్దీ లేని వేళ, కింద బారికేడ్లు, వల, అవసరమైన చోట లైన్ క్లియరెన్స్ అన్నీ ప్రణాళికలోనే రాయాలి. గోడకు బిగించిన హోర్డింగుల వెనక భాగం చూడకుండా తనిఖీ ముగించకూడదు. బోల్టు రంధ్రాల్లోంచే నీళ్లు లోపలికి దిగుతాయి.

ఇక పరీక్షలు. చిన్న సుత్తితో తట్టితే గట్టి ప్లాస్టరింగ్ ఖణేల్మంటుంది, వదులైనది గుల్లగా పలుకుతుంది. గుల్ల వచ్చినంత మేర సుద్దతో గీత గీసి కొలవాలి. కాంక్రీటును కొద్దిగా కొట్టి, తాజా ముఖంపై ఫినాఫ్తలీన్ చల్లితే గులాబీ రంగు వచ్చిన చోట క్షారగుణం నిలిచి ఉన్నట్లు. రంగు మారని పొర కడ్డీదాకా చేరితే, కడ్డీకి రక్షణ పోయినట్లే. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక లోపలి నుంచి తోసి పెచ్చులూడగొడుతుంది. దాన్ని తొలగించకుండా పూసిన సిమెంటు మళ్లీ ఊడక తప్పదు. రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షల పద్ధతులు ఐఎస్ 516 ఐదో భాగంలో ఉన్నాయి.

చివరి నివేదికలో మూడు వర్గాలు ఉండాలి: వెంటనే తీయాల్సినవి, ఈ ఏడాది చేయాల్సినవి, గమనిస్తూ ఉండాల్సినవి. కొలతలు చేతిలో ఉంటే కాంట్రాక్టర్లందరూ ఒకే పనికి ధర చెబుతారు. లేకపోతే ఎవరికి తోచిన అంచనా వాళ్లది, భారం మాత్రం నివాసితులది.

ఏం చదవాలి?

పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి సివిల్ డిప్లొమాలో చేరవచ్చు. అక్కడి నుంచి ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలో ప్రవేశం దొరుకుతుంది. గేట్ లేదా పీజీఈసెట్‌తో స్ట్రక్చరల్ ఎంటెక్ చేస్తే నివేదికపై సంతకం పెట్టే స్థాయికి దారి సుగమమవుతుంది. అనుభవంతోపాటు మున్సిపల్ లైసెన్సు నిబంధనలూ చూసుకోవాలి. డిప్లొమాతో చేరినవాళ్లు కొలతలు, డ్రాయింగులు, పరీక్షల్లో సహాయకులుగా మొదలుపెట్టవచ్చు. నిర్మాణ నైపుణ్యాలకు హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ కోర్సుల వివరాలు చూడండి. తాళ్లపై పనిచేసే ఆసక్తి ఉంటే, ఆ పనికిచ్చే ఐరాటా లెవెల్-1 సర్టిఫికెట్ ఉంది. లెవెల్-2కు కనీసం 12 నెలలు, 1,000 గంటల పని కావాలి. డ్రోన్‌తో ఫొటోలు తీసే సేవలందించాలంటే 2021 డ్రోన్ నిబంధనలు, పైలట్ సర్టిఫికెట్ గురించి తెలియాలి.

స్ట్రక్చరల్ కన్సల్టెన్సీలు, టెస్టింగ్ ల్యాబులు, వాటర్‌ప్రూఫింగ్ కంపెనీలు, ప్రభుత్వ ఇంజినీరింగ్ విభాగాల్లో ఈ నైపుణ్యం పనికొస్తుంది.

ఇప్పుడే ఏం చేయాలి?

మీరుంటున్న భవనం యజమాని అనుమతి తీసుకోండి. పైకి ఎక్కే సాహసం చేయొద్దు. నేల మీది నుంచీ, బాల్కనీల్లోంచీ కనిపించేంతవరకు గళ్ల బొమ్మ, ఫొటోలు, లోపాల పట్టికతో నాలుగు పేజీల నివేదిక రాయండి. మీ లెక్చరర్‌కో, అనుభవమున్న ఇంజినీర్‌కో చూపించి దిద్దించుకోండి. ఇంటర్వ్యూకు మార్కుల మెమోతోపాటు ఆ నివేదికను కూడా తీసుకెళ్లండి. గోడను చూసి నిజం రాయగలరని అది నిరూపిస్తుంది. ఆ గోడ కింద రోజూ నడిచే వేలమంది భద్రత ఆ నిజం మీదే ఆధారపడి ఉంటుంది.